పెద్దసారు ఆగిన తరగతి

ఈ ఉదయం నానక్‌రామ్‌గూడ దగ్గర షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నప్పుడు ఫోన్లో సందేశం వచ్చింది. అధ్యాపకులందరికీ మళ్లీ శిక్షణట, అదీ సెలవు రోజున, అందరూ తప్పక రావాలట. పక్కనున్న ఐటీ అమ్మాయి కునికిపాట్లు పడుతూ నా భుజం మీద వాలింది. నాకూ ఎవరి భుజం మీదైనా వాలిపోవాలనిపించింది. ఇన్నేళ్ల శిక్షణల్లో నాకు గుర్తున్నది ఒక్కటే, అదీ మా పెద్దసారు వల్ల.

ఆయన ప్రభుత్వ కాలేజీలో రిటైరయ్యాక మా ప్రైవేటు యూనివర్సిటీ గణితశాఖలో కాంట్రాక్టు మీద చేరారు. బోర్డు వైపు తిరిగి పాఠం మొదలుపెడితే గంట కొట్టేదాకా ఇటు తిరిగేవారు కాదు. ఆ శిక్షణ మాదాపూర్‌లో, ఎముకలు కొరికే ఏసీ హాల్లో. మా పిల్లల వయసు శిక్షకురాలు మాచేత బుడగలు ఊదించింది, చప్పట్లు కొట్టించింది. పెద్దసారు నా వైపు వంగి, "ఇగ ఈ వయసుల మనకు గిదేందమ్మా?" అన్నారు. భోజనం మాత్రం బాగుందని ఇద్దరం ఒప్పుకున్నాం. అయితే ఆ అమ్మాయి చెప్పినవాటిలో ఒక్క మాట ఆయన మనసుకు పట్టింది: ప్రశ్న అడిగాక జవాబు మీరే చెప్పేయకండి, కాసేపు ఆగండి.

సోమవారం తరగతిలో ప్రశ్న అడిగి, పిల్లల వైపు తిరిగి ఆయన ఆగారు. ఎప్పుడూ వినిపించే గొంతు వినిపించక నేను పక్క గదిలోంచి వచ్చి చూశాను. చాలాసేపటికి ఒక అమ్మాయి లేచి, "సార్, నాకు మొదటి పాఠం కాడినుంచే సమజైతలేదు. అడుగుదామంటే మీరు ఇటు తిరగరు" అంది. తర్వాత ఇంకా కొన్ని చేతులు లేచాయి. ఆయన బోర్డంతా తుడిచేసి మొదటి పాఠం మళ్లీ ఎత్తుకున్నారు.

సిలబస్ పూర్తి కాలేదు. ఆ సెమిస్టర్ మార్కులు ఎప్పటికన్నా తగ్గాయి. శిక్షణ తీసుకుని కూడా ఇదేనా అని పైవాళ్లు అడిగారు, కాంట్రాక్టు పొడిగించలేదు. వెళ్లేరోజు నేనేదో సర్దిచెప్పబోతే, "ఫికర్ చెయ్యకమ్మా. ఇన్నేండ్లకు పిల్లలు నాతోని మాట్లాడిన్రు" అన్నారు. మాట ధైర్యంగానే ఉంది, మనిషే బాగా అలిసిపోయి కనిపించారు.

తరువాతి ఏడాది అదే తరగతికి పై పాఠాలు నేను చెప్పాను. అర్థం కాకపోతే అక్కడికక్కడే చేతులు లేచేవి. మార్కులు బాగా వచ్చాయి. పైవాళ్లు నన్ను మెచ్చుకుంటే, అది పెద్దసారు చలవ అన్నాను. వాళ్లు నవ్వేసి ఇంకో శాఖ సంగతి ఎత్తుకున్నారు. ఉండబట్టలేక పెద్దసారుకు ఫోన్ చేసి చెప్పాను. "నీకంటె ముందే పిల్లలు ఫోన్ చేసి చెప్పిన్రమ్మా" అని నవ్వారు.

చెప్పిన చదువు ఫలించడానికి దాని కాలం దానికి పడుతుంది. చెప్పినవాళ్లు ఆ గదిలో ఉండే కాలం అంతకన్నా చిన్నది.