బుడగలు ఆగని తోలు

నా చిన్నప్పుడు మా వీధిలో మోటారుకారు ఎక్కిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ గొప్ప నాకెలా దక్కిందో మాత్రం ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మాది రాయచోటి వైపు ఊరు. కడప ఆసుపత్రికి పోవాలంటే గువ్వలచెరువు కనుమ దిగాలి. ఊరంతటికీ ఒకటే కారు, అది చర్చి అయ్యగారిది. ఆ రోజు తెల్లవారేసరికి పక్కింటి అక్కకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. కారు కోసం పరిగెత్తితే, అది చర్చి ముందు ఒక వెనక చక్రం ఊడదీయించుకుని కుంటిగా నిలబడి ఉంది.

వెనక ఇరుసులో బేరింగు అరిగిపోయింది. దాని పక్కన నూనెను ఆపే తోలు చుట్టు చిరిగి, నూనె బ్రేకుల్లోకి కారుతోంది. డ్రైవరు మామ దగ్గర బేరింగు ఒకటి ఉంది గానీ తోలు చుట్టు లేదు. యుద్ధం రోజులు, మద్రాసు నుంచి సామాను వచ్చే ఆశ లేదు. నూనెలో తడిసిన బ్రేకులతో కనుమ దిగితే చేరేది ఆసుపత్రికి కాదు, లోయకు.

మా తాతయ్య ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావులకు తోలు బానలు కుట్టేవాడు. చిరిగిన చుట్టును వేళ్లతో నలిపి చూశాడు. "బానకైనా బండికైనా తోలు తోలేనప్పా. కొలత ఇయ్యి" అన్నాడు. కొత్త చుట్టు కోసి, గోరువెచ్చని ఆముదంలో వేసి, నన్ను కాపలా కూర్చోబెట్టాడు. తోలు నూనె తాగుతున్నంతసేపూ బుడగలు వస్తాయి, అవి ఆగితే దాని కడుపు నిండినట్టు. ఆకలి తీరని తోలును ఇరుసుకు తొడిగితే దారిలోనే మాడిపోతుంది, నూనె మళ్లీ కారుతుంది. ఈ మాట నాకు రెండుసార్లు చెప్పాడు.

నేను శ్రద్ధ గల పిల్లనే. కాకపోతే నా శ్రద్ధంతా కారు మీద ఉంది. కొయ్యదిమ్మె అడ్డం పెట్టి కొత్త బేరింగును ఇరుసు మీదికి దిగ్గొడుతున్న చప్పుడు వినబడుతుంటే బుడగలెవరు చూస్తారు? చుట్టును బయటికి తీసి, తుడిచి, పట్టుకుపోయాను.

"బుడగలు నిలిచిపోయినాయా మ్మే?"

"నిలిచిపోయినాయి తాతా."

చుట్టు తొడిగారు, చక్రం బిగించారు. అక్కను మంచం మీద మోసుకొస్తున్నారు. ఆమె అరుపు వీధి మలుపులో ఉండగానే వినబడింది. అప్పుడు తాతయ్య కారెక్కి, నన్ను పైకి లాగి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"పిల్ల ఎందుకు పెద్దాయనా, జాగా యాడుండాది?" అన్నాడు డ్రైవరు మామ.

"కొత్త బానలో తొలి నీళ్లు కుట్టినోడే తాగాలప్పా. దీన్ని చేసింది మేమిద్దరం. ముందు మేం కూసోవాల."

మంచం దగ్గరికొచ్చింది. పెదవి కొరుక్కుంటున్న అక్క నన్ను చూసి నవ్వబోయింది. ఆ నవ్వు చూడలేక నా గొంతులోంచి నిజం బుడగలా పైకి తేలింది. తాతయ్య చెవిలో చెప్పాను. వలిచిన తోళ్లతో బతికే మనిషి, ఇక నా తోలు వలుస్తాడనుకున్నాను.

ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. తర్వాత అందరికీ వినబడేలా, "చక్రం ఊడదీయండప్పా. తోలు సరిగా నానలా. తప్పు నాదే" అన్నాడు.

"ఇన్నేండ్లు బానలు కుట్టి ఇదేం పని పెద్దాయనా! ఆయమ్మ ప్రాణం పోతాండాది ఈడ!" డ్రైవరు మామ స్పానరు నేలకేసి కొట్టాడు. అక్క అత్త శాపనార్థాలు పెట్టింది. తాతయ్య తల వంచుకుని చక్రం దగ్గర కూర్చున్నాడు.

నేను మళ్లీ ఆముదం గిన్నె ముందు కూర్చున్నాను. ఈసారి రెప్ప వేయలేదు. అక్క అరిచినప్పుడల్లా బుడగలు త్వరగా ఆగిపోవాలని ప్రభువును వేడుకున్నాను. తోలుకు ఎవరి తొందరా పట్టదు. ఒక బుడగ. ఇంకొకటి. చాలాసేపటికి మరొకటి. ఆఖరుది పగిలాక కూడా లేవలేదు. తాతయ్య వచ్చి చూశాకే లేచాను.

తాతయ్య అన్నమాట ప్రకారం మళ్లీ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కనుమ దిగుతూ ప్రతి మలుపులోనూ డ్రైవరు మామ కారాపి, చక్రం లోపలి వైపు వేలితో తడిమి చూసేవాడు. వేలు ప్రతిసారీ పొడిగానే వచ్చింది. సాయంత్రం ఆసుపత్రిలో అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బతికారు.

మా తాతయ్యను మాత్రం ఊరు వదల్లేదు. "ముసలాయన చెయ్యి తప్పింది" అని, కొత్త బాన కుట్టించుకునేవాళ్లు ముందు "నానిందా?" అని ఎగతాళిగా అడిగేవాళ్లు. ఆయన నవ్వేవాడు. తను పోయేదాకా నా పేరు చెప్పలేదు. కాపలా కూర్చోవాల్సిన చోట కూర్చోలేకపోయాను గానీ, నోరు మూసుకుని కూర్చోవడంలో నన్ను మించినవాళ్లు లేరు. నేనూ చెప్పలేదు.

ఇప్పటికీ వంటింట్లో ఎవరైనా "అయిందా?" అంటే జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. లేచి వెళ్లి, మూత తీసి, చూసి వచ్చి చెబుతాను.