చంద్రవ్వ చెయ్యి

రుద్రంగిలో ఎవరి ఆవు మొండికేసినా ముందు చంద్రవ్వకే కబురొచ్చేది. కాలు ఝాడించే జెర్సీలైనా, తొలిచూలు ఈని పొదుగు ముట్టనివ్వని పెయ్యలైనా ఆమె చెయ్యి పడితే చెవులు వాల్చి నిలబడేవి. భర్త సత్తయ్య తాటిచెట్లెక్కి కల్లు దించే మనిషి. “నేను చెప్తే నా ఇంట్ల పిల్లి గూడ ఇనదు గని, నా పెండ్లాం మాట ఊరి గొడ్లన్ని ఇంటయి” అని కల్లు తాగవచ్చిన వాళ్లందరికీ చెప్పుకునేవాడు. చెప్పుకోడూ మరి, అలాంటి చెయ్యి ఎందరింట్లో ఉంది?

ఆ చేతికి తల్లి నేర్పిన కిటుకొకటుంది. పితికే ముందు చేతులు కడగకూడదు. వేళ్లు పాల నురగలో ముంచి చన్లకు రాయాలి. ఒక ఇంట్లో పితికిన చేత్తోనే, ఆ వాసన పోకముందే, ఇంకో ఇంటికి వెళ్లాలి. పాలవాసన తగిలితే ఎంత పొగరుబోతు ఆవైనా పాలు దించి చేపుతుందని ఆమె నమ్మకం. ఇన్నేళ్లూ అలాగే జరిగింది కూడా.

మొన్న వానాకాలంలో కొట్టమంతా చిత్తడైంది. ఒక పొద్దున సొంత ఆవు గౌరిని పితుకుతుంటే ఒక చన్ను వేడిగా తగిలింది. తగిలినా చంద్రవ్వ ఆగలేదు. ఎదురింటి భూమవ్వ కోడలు కోనరావుపేటలోని పుట్టింటికి వెళ్లింది, వాళ్ల ఆవునూ తనే పితకాలి. అదే చేత్తో అటు నడిచింది.

వారం తిరక్కుండా రెండు ఆవుల పొదుగులూ వాచి రాయిలా గట్టిపడ్డాయి. పాలు విరిగి నీళ్లలా వచ్చాయి. భూమవ్వ వాకిట్లో జనం చేరి దిష్టి అన్నారు, వాన అన్నారు. పశువుల డాక్టర్ స్వప్న వచ్చి, పరీక్షకని పాలలో మందు కలిపితే గంజిలా చిక్కబడ్డాయి.

“ఇది పొదుగువాపు. బురదల పండుకున్నా వస్తది. పితికినంక చన్ను రంధ్రం కొద్దిసేపు తెరుసుకునే ఉంటది. అప్పుడు మేత వేసి నిలబెట్టాలె” అంది డాక్టరమ్మ. “గని రెండిండ్లల్ల ఒక్కపారే ఎట్ల వచ్చింది?”

అందరూ వాన కురిసే మొగులుకేసి చూశారు. చంద్రవ్వ తన చేతులకేసి చూసుకుంది. నోరు మూసుకుంటే సరిపోయేది, ఆమెను అనుమానించిన వాళ్లు లేరు. ఊళ్లో ఉన్న పేరంతా ఆ చేతిదే. అది పోతే తన దగ్గర ఇంకేం మిగులుతుంది? అయినా భూమవ్వ వైపు తిరిగింది.

“గౌరి చన్ను కాలుతున్నదని నాకెరుకే. గా చెయ్యితోనే నీ ఆవును పితికిన, భూమక్కా. రోగం తెచ్చింది నేనే.”

భూమవ్వ తన ఆవు వాచిన పొదుగుకేసి చూసింది. “ఇగ మా ఇంటికి రాకు” అని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత ఏ ఇంటినుంచీ కబురు రాలేదు. మందులకు భూమవ్వ ఆవు కోలుకుంది. గౌరికి ఒక చన్ను ఎండిపోయింది. చంద్రవ్వ కుమిలిపోయింది గానీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. డాక్టరమ్మ చెప్పినట్టు సబ్బుతో చేతులు కడిగి తుడుచుకోవడం, పొదుగు కడిగి పొడిగుడ్డతో అద్దడం, తొలిధారలు నల్ల గిన్నెలో పట్టి విరుగుందేమో చూడడం, చివర చన్లను మందునీళ్లలో ముంచడం మొదలుపెట్టింది. సబ్బువాసనకు గౌరి బెదిరి పాలు ఎగబిగించింది.

“పాత తీరుగనే పితుకరాదే, ఎవ్వలు చూస్తరు?” అన్నాడు సత్తయ్య.

“గౌరి చూస్తది” అంది చంద్రవ్వ.

గోరువెచ్చని నీళ్లతో పొదుగు నిమురుతూ, కబుర్లు చెబుతూ రోజూ కూర్చుంది. ఒక పొద్దున మిగిలిన మూడు చన్లూ చేపాయి. చంద్రవ్వ గౌరి డొక్కకు తల ఆనించి ఏడ్చింది. నెత్తిమీదినుంచి బండ దిగినట్టయింది.

చలికాలంలో భూమవ్వ ఇంట్లో పెయ్య తొలిచూలు ఈనింది. ఎవరు దగ్గరికెళ్లినా తన్నుతోంది. చివరికి భూమవ్వే వచ్చి చంద్రవ్వ గడపలో నిలబడింది.

“రా చెల్లే. అది ఎవ్వలను రానిస్తలేదు.”

“రోగం తెచ్చిన చెయ్యి గదా, అక్కా.”

“తెచ్చిందని నువ్వు చెప్తేనే గద మాకెరుక” అంది భూమవ్వ. “దాసిపెట్టెటోళ్లను ఎట్ల పిలుస్త? నిన్నయితే పిలుస్త.”

వాకిట్లో భూమవ్వే చెంబుతో నీళ్లు పోసింది. చంద్రవ్వ మోచేతుల దాకా తోముకుని, తుడుచుకుని, రెండు చేతులూ ముందుకు చాపింది.

“చూసుకో, అక్కా.”

భూమవ్వ చూడలేదు. చెంబు పక్కన పెట్టి, లేగను విడవడానికి వెళ్లింది.