మంత్రుల వెనక కూర్చున్న టైపిస్టు

మా మామయ్య టీవీలో ముందున్నవాళ్ళను చూడడు, వెనక నిలబడ్డవాళ్ళనే చూస్తాడు. నాయిక ప్రాణం పోతూంటే ఇంటిల్లిపాదీ కళ్ళు తుడుచుకుంటాం. ఈయన మాత్రం రిమోట్ నొక్కి బొమ్మ ఆపేస్తాడు.

"ఆ కిటికీ దగ్గరాయన్ని చూశారా? కాలరు తిరగేసి కుట్టారు."

"అక్కడ ఆవిడ చచ్చిపోతుంటే మీకు కాలరు కావాలా?" అంటుంది అత్తయ్య.

"ఆవిణ్ణి చూడ్డానికి మీరంతా ఉన్నారుగా. పాపం, అతన్నెవరు చూస్తారు?"

దర్జీ గనక వృత్తిదోషమని సరిపెట్టుకున్నాం. రెండు గంటల సినిమా మా ఇంట్లో నాలుగు గంటలు ఆడేది.

ఒక ఏడు ఈ పిచ్చి ముదిరింది. కొట్లో కుట్టుమిషను పక్కన చిన్న టీవీ పెట్టుకుని, ఎవరికీ అక్కర్లేని పాత రాజకీయ సీరియళ్ళు వెతికి వెతికి చూడసాగాడు. రెండు నెలల తర్వాత 'కోరం లేదు' అనే సీరియల్ దగ్గర ఆగాడు. పదమూడు భాగాలు. ప్రతి భాగంలోనూ మంత్రులు బల్ల చుట్టూ కూర్చుని రాజీనామా చేస్తామని బెదిరిస్తారు, ఒక్కడూ చెయ్యడు.

ఓ ఆదివారం ఉదయం తొమ్మిదో భాగం చూడ్డానికి మా మేడలోని వాళ్ళందరినీ పిలిచాడు. తన కొట్టు పక్కనున్న మందుల షాపాయన రానంటే, "వస్తేనే మీ కోటు ఇస్తాను" అన్నాడు. కోటు కోసం ఆయన వచ్చాడు.

కింది వాటాలో ఉండే టైపిస్టు పిన్నిగారూ వచ్చారు. ఆవిడ రిటైరై చాలా కాలమైంది. ముప్పై ఏళ్ళ కిందట తమ ఆఫీసులో ఏదో సీరియల్ తీశారనీ, రావలసిన నటి రాకపోతే తనను కూర్చోబెట్టి ఓ మాట చెప్పించారనీ ఒకసారి అన్నారు. సీరియల్ పేరు గుర్తులేదన్నారు. మందుల షాపాయన ఊరుకుంటాడా? బీపీ మాత్రలు ఇస్తూ పదిమందిలో, "పిన్నిగారూ, కొత్త సినిమా ఎప్పుడు?" అనేవాడు. ఆవిడ ఆ మాటెత్తడం మానేశారు. మోకాళ్ళ నొప్పులతో రెండు వీధులవతలకు నడిచి మాత్రలు తెచ్చుకునేవారు.

తొమ్మిదో భాగం మొదలైంది. మంత్రులు బల్ల గుద్దారు. వాళ్ళ వెనక జవాను చొక్కాకు బొత్తాం లేదు. నాకే కనబడింది. రిమోట్ ఒళ్ళో పెట్టుకుని కూడా మామయ్య పలకలేదు. జ్వరమేమోనని అత్తయ్య ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

తెర మీద ముఖ్యమంత్రి అడిగాడు: "మనవాళ్ళు సరిపోతారా?"

మూల టైపు కొడుతున్న సన్నటి ఆవిడ తలెత్తకుండానే అంది: "ఇద్దరు తక్కువండీ."

మందుల షాపాయన కుర్చీలోంచి లేచాడు.

"ఆపండి, ఆపండి. ఆ టైపు కొట్టేది మన పిన్నిగారు కదూ?"

"ఏదీ? నేను చూడలేదే" అన్నాడు మామయ్య, కళ్ళజోడు వెతుక్కుంటూ.

షాపాయన రిమోట్ లాక్కుని అయిదుసార్లు వెనక్కి తిప్పాడు. తెరనూ పిన్నిగారినీ మార్చి మార్చి చూశాడు.

"అదే ముక్కు. అదే విసురు. మీరే పిన్నిగారూ."

అందరూ ఆవిడకేసి తిరిగారు. పిన్నిగారు కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నారు.

"సీరియల్ వాళ్ళు ముగ్గురు తక్కువని చెప్పమన్నారు. నా ముందున్న కాగితంలో ఇద్దరే తక్కువ. ఉన్నది ఉన్నట్టు చెప్పాను" అన్నారు.

మర్నాటి నుంచి మందుల షాపాయన వచ్చినవాళ్ళందరికీ ఆ కథ చెప్పడమే పని. "మొదట కనిపెట్టింది నేనే" అని కూడా కలిపేవాడు. పిన్నిగారి మాత్రలు తనే తెచ్చి గుమ్మంలో ఇచ్చి వెళ్ళేవాడు.

కొట్లో మామయ్య ఒక్కడే ఉన్నప్పుడు అడిగాను.

"రెండు నెలలు కళ్ళు పోయేలా వెతికింది నువ్వు. పేరేమో ఆయనకా?"

మామయ్య సూదిలో దారం ఎక్కిస్తూ నవ్వాడు.

"నేను చెబితే నా పిచ్చి అంటారు. ఆయన చెబితే నిజమంటారు."