ఒక్క పలుకు

సోమవారం పొద్దున మిక్సీ మూత లేచిపోయింది. జారులో ఉన్నవి అప్పుడే పొయ్యి మీంచి దించిన గుమ్మడికాయ ముక్కలు. అందులో కొంత గోడగడియారానికి, కొంత కిటికీ అద్దానికి, చాలావరకు కండక్టరుగారి బనీనుకు చేరింది. ఒక చెంచాడు ఆయన ఎడమ కనుబొమ మీద ఆగింది. మిగిలినది జారులో భద్రంగా ఉంది. ఆయన మిక్సీ ఆపి, కనుబొమ మీది గుజ్జును వేలితో తీసి, నాలుకకు తగిలించి చూసి, "వేడిగా ఉంది" అన్నారు. కారణం కూడా అదే. పొగలు కక్కే ముక్కలకు మూత బిగించి తిప్పితే ఆవిరి తన దారి తాను చూసుకుంటుంది.

కండక్టరుగారు అంటే బస్సు కండక్టరు. ఉద్యోగం వదిలి చాలా ఏళ్లయినా ఆ పేరు ఆయన్ని వదల్లేదు. ఆ నిలబడే తీరూ వదల్లేదు. కదలని నేల మీద కూడా కాళ్లు ఎడంగా పెట్టుకుని నిలబడతారు. మిక్సీ గుర్రుమని వణకడం మొదలుపెడితే ఎడమచెయ్యి మూతను అదిమిపడుతుంది, కుడిచెయ్యి తనంతట తానే పైకి లేచి అక్కడ లేని కమ్మీ కోసం గాలిలో వెతుకుతుంది. ఇక గొంతు సంగతి చెప్పనే అక్కర్లేదు. ముందు తలుపు దగ్గర ఆయన స్టాపు పేరు కేకేస్తే, వెనక సీట్లో గురకపెట్టేవాడు కూడా తనది దాటిపోయిందేమోనని సంచీతో సహా లేచి నిలబడేవాడు. "ఇది ఇల్లండీ, బస్సు కాదు" అని ఆయన భార్య చెబుతూ చెబుతూనే పోయింది. ఆ తర్వాత చెప్పేవాళ్లు లేక గొంతు కొంత పెరిగింది. మనవరాలు పుట్టాక "మామయ్యగారూ, పాప పడుకుంది" అని కోడలు అందుకుంది.

ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురే. కొడుకు పని మీద వేరే ఊళ్లో ఉంటాడు, సెలవులకు వస్తాడు. కోడలు కళ్లద్దాల దుకాణంలో కళ్లు పరీక్ష చేస్తుంది. మసకగా కనిపించే అక్షరం అద్దం మార్చగానే తేటపడి, ఎదుటి మనిషి మొహం విచ్చుకుంటుంది చూశారూ, ఆ క్షణం కోసమే ఆవిడ ఆ ఉద్యోగం చేస్తుంది. మూడో మనిషి, ఇంకా కూర్చోవడం కొత్తగా నేర్చుకుంటున్న మనవరాలు. దాన్ని తాతగారు ముద్దుగా 'ప్యాసింజరు' అంటారు.

కోడలి సెలవు అయిపోయింది. ఈ వారం ఒంటిపూట వచ్చి పొమ్మన్నాడు దుకాణం యజమాని. వచ్చే వారం నుంచి రోజంతా ఉండాలి. ఉండలేనంటే శుక్రవారం చెప్పెయ్, ఇంకొకళ్లను చూసుకుంటాను అన్నాడు. ప్యాసింజరు పాలసీసాను చూస్తేనే మొహం తిప్పుకుంటుంది. అమ్మ లేని పూట తాత చేతి గుజ్జు తిన్నదా, ఉద్యోగం ఉంటుంది. తినలేదా, పోతుంది. ఇందులో వేరే దారి లేదు.

"నేనున్నానుగా అమ్మాయ్" అన్నారు కండక్టరుగారు ధీమాగా. "ఒక్కగానొక్క ప్యాసింజరు. నేను కిక్కిరిసిన జనాన్ని ఒంటిచేత్తో మోసినవాణ్ణి."

"మోసింది బస్సు కదా మామయ్యగారూ" అంది కోడలు.

ఆ సోమవారం ఆవిడ బయల్దేరుతూ టైము చూద్దామని గడియారం వైపు చూస్తే, టైము గుమ్మడికాయ వెనకాల ఉంది. గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి చెప్పు పట్టీ పెట్టుకుంటూ, "మామయ్యగారూ, ఒక్క మాట. పాపకు పెట్టేటప్పుడు ఒక్క పలుకు కూడా ఉండకూడదు. మరీ చిన్నది. గుర్తుంటుందిగా?" అని అడిగింది.

ఆయన నోరు తెరిచారు. మళ్లీ మూశారు. తల ఊపారు.

కోడలు మెట్లు దిగాక ఆయన తలుపు వేసి వచ్చారు. మనసు చివుక్కుమంది. పిల్ల పడుకున్నప్పుడు నోరు మూసుకోమంటే అర్థముంది. తినేటప్పుడు కూడానా? ఒక్క పలుకు కూడా పనికిరాదా? సరే. పిల్ల ఆవిడది, ఉద్యోగం ఆవిడది. గుజ్జు సంగతి ఆయన ఆలోచించనే లేదు. పలుకంటే ఆయనకు తెలిసింది ఒకటే, నోట్లోంచి వచ్చేది.

పొట్టి కుర్చీలో పిల్లను కూర్చోబెట్టి, గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చున్నారు. ప్యాసింజరు ఆయన మొహంలోకి చూసింది. రోజూ మోగే ఆ మనిషి మోగడం లేదు. కాసేపు ఎదురుచూసింది. ఆయన కనుబొమలు ఎగరేశారు, బుగ్గలు పూరించారు, చెంచాను గాలిలో ఊరేగించారు. అంతా నిశ్శబ్దంగానే. ఆ పిల్ల పెదాలు ఒకసారి వణికి, గట్టిగా బిగుసుకున్నాయి. తాతగారి మొహం తొడుక్కుని వేరెవరో వచ్చారని తేల్చుకున్నట్టుంది.

మధ్యాహ్నం కోడలు వచ్చి గిన్నె చూసింది.

"తిందా?"

ఆయన తల అడ్డంగా ఊపారు.

"కొంచెమైనా?"

మళ్లీ అడ్డంగా.

ఆవిడ చెంచాతో రుచి చూసింది. "బాగానే ఉందే! మరెందుకు తినలేదు?" అంటూ పిల్లను ఒళ్లోకి తీసుకుంది. పాలకోసం పిల్ల పడ్డ ఆత్రం చూసి ఇద్దరూ చెరోవైపు తల తిప్పుకున్నారు.

మర్నాడు క్యారెట్టు. ఆ మర్నాడు బంగాళదుంప, ఆపిల్ పండు. ఆయన ముక్కలు చల్లారేదాకా విసనకర్రతో విసిరి మరీ తిప్పారు. పిల్ల వద్దంటే ఇంకో రకం, అదీ వద్దంటే ఇంకోటి. మిక్సీ మోగుతూనే ఉంది. కింది వాటాలో ట్యూషన్లు చెప్పే మాస్టారు చీపురుకర్రతో తన పైకప్పును పొడవడం మొదలుపెట్టాడు. చివరికి కర్ర చేత్తో పట్టుకునే పైకి వచ్చాడు.

"కండక్టరుగారూ, మా పిల్లలకు పరీక్షలు దగ్గరపడ్డాయి. మీరు పొద్దుట్నుంచీ ఏం రుబ్బుతున్నారండీ? పిల్ల ఒక్కతేగా ఇంట్లో? పెళ్లివాళ్లకేమైనా వండుతున్నారా?"

కండక్టరుగారి చేతిలో చెంచా ఉంది, ఎదురుగా పిల్ల ఉంది. నోరు విప్పకూడదు. ఆయన మాస్టారి వైపు చూసి చిరునవ్వు నవ్వి, తల ఊపారు.

"నవ్వుతున్నారా? నవ్వండి నవ్వండి" అని మాస్టారు విసవిసా దిగిపోయాడు.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. తిననిది పిల్లే అయినా ముగ్గురి మొహాలూ పీక్కుపోయాయి. గురువారం సాయంత్రం కోడలు ఉండబట్టలేక అడిగేసింది. "మామయ్యగారూ, నా మీద కోపమా?"

"నాకెందుకమ్మా కోపం?"

'అమ్మాయ్' కాస్తా 'అమ్మా' అయ్యేసరికి ఆవిడకు కోపముందని రూఢి అయింది. తన ఉద్యోగం పెద్దాయనకు ఇష్టం లేదు కాబోలు, పైకి చెప్పలేక ఇలా మొహం గంటుపెట్టుకున్నారు కాబోలు అనుకుంది. అవతలి గదిలో ఆయన, తన గొంతు కోడలికి ఇంత బరువైందా అనుకుంటూ కిటికీ బయటికి చూస్తున్నారు.

శుక్రవారం ఆవిడ వెంటనే వెళ్లలేదు. చెప్పులు వేసుకుంది, సంచీ భుజాన తగిలించుకుంది, ఫోను చేతిలో పట్టుకుంది, కానీ వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

"ఈ పూట నేను చూసి వెళ్తాను. ఇవాళా తినకపోతే యజమానికి ఇక్కణ్ణించే చెప్పేస్తాను, రానని."

ఆయన బఠానీలు ఉడికించి చల్లార్చి ఉంచారు. జారులో పోసి మీట తిప్పారో లేదో, కింద కర్ర చప్పుడు. మాస్టారి గొంతు కిటికీలోంచి పైకొచ్చింది. "పరీక్ష పెట్టానండీ! ఒక్క అరగంట ఓపిక పట్టండి, పుణ్యముంటుంది!" పాపం, పరీక్షంటే పరీక్షే కదా అని కండక్టరుగారు మిక్సీని ఇట్టే ఆపేశారు. ఆకుపచ్చగా, చూడ్డానికి గుజ్జులాగే ఉంది. గిన్నెలోకి తీశారు.

కోడలి కళ్లన్నీ పిల్ల పెదాల మీదే ఉన్నాయి. అక్షరాలు చదివించే మనిషి గిన్నెలోకి చూడలేదు.

ఆకలి మొండితనాన్ని గెలిచింది. ప్యాసింజరు నోరు తెరిచింది. చెంచా లోపలికి వెళ్లింది. ఒక్క క్షణం అంతా బాగానే ఉంది.

అంతలో పిల్ల మెడ ముందుకు సాచింది. దగ్గు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. కళ్లు పెద్దవయ్యాయి, మొహం ఎర్రబడింది, శబ్దం లేదు. అన్నిటికంటే అదే భయంకరం, శబ్దం లేకపోవడం. కండక్టరుగారు పిల్లను కుర్చీలోంచి లాగి, ముంజేతి మీద బోర్లా వేసి, తల కిందికి వంచి, అరచేత్తో వీపు మీద చరిచారు. ఏమీ లేదు. మళ్లీ చరిచారు. ఏమీ లేదు. ఇంకోసారి చరిచేసరికి తొక్కతో కూడిన బఠానీ ముక్క ఒకటి నేల మీద పడింది. దాని వెనకే ఏడుపు వచ్చింది. ఇల్లు అదిరేంత ఏడుపు. అంత ఇంపైన ఏడుపు ఆ ఇద్దరూ జన్మలో విని ఉండరు.

కోడలు పిల్లను లాక్కుని గుండెకు హత్తుకుంది. ఆ వెంటనే కోపం వచ్చింది.

"నేను చెప్పానా లేదా మామయ్యగారూ? సోమవారమే చెప్పాను! ఒక్క పలుకు కూడా ఉండకూడదని చెప్పానా లేదా?"

కండక్టరుగారి ఓర్పు అక్కడితో అయిపోయింది. వారమంతా దాచిపెట్టిన గొంతు ఒక్కసారిగా బయటికొచ్చింది.

"నేను నోరు తెరిచానా అమ్మాయ్? సోమవారం నుంచి ఒక్క పలుకు పలికానా? నువ్వే చూశావుగా ఇప్పుడు! మూగవాడిలా పెట్టానా లేదా? మాస్టారు తిట్టిపోతే కూడా కిక్కురుమనలేదు!"

కోడలు తెల్లబోయి చూసింది.

"నోరేమిటి మామయ్యగారూ? నేను పలుకు గురించి చెబుతున్నాను."

"నేనూ దాని గురించే చెబుతున్నాను!"

"పలుకంటే... పలుకండీ!"

"ఆ పలుకేనమ్మాయ్!"

ఆవిడ ఇక మాటలతో లాభం లేదని గిన్నెలో వేళ్లు పెట్టింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, నలగని గట్టి ముక్కనొకదాన్ని ఆయన కళ్ల ముందు పెట్టింది. దుకాణంలో ఆఖరి వరస అక్షరాలు చూపించినంత దగ్గరగా పెట్టింది.

"ఇదీ పలుకు."

ఆయన దాన్ని చూశారు. కోడల్ని చూశారు. నేలమీది ముక్కను చూశారు. గోడకు చేరబడి నెమ్మదిగా పీట మీద కూలబడ్డారు. "నా నోరు మూసుకోమన్నావనుకున్నాను" అన్నారు, ఆయన గొంతులో ఎన్నడూ వినపడనంత చిన్నగా.

ఇంకో రోజైతే ఆవిడ నవ్వేదే. పిల్ల ఇంకా ఎక్కిళ్లు పెడుతోంది. ఆవిడ ఫోను తీసింది. "నేను వెళ్లలేను మామయ్యగారూ. మీ తప్పని కాదు. దీన్ని ఇలా చూశాక నా కాళ్లు గడప దాటవు."

"ఒక్క గిన్నె" అన్నారాయన లేస్తూ. "ఒక్క ట్రిప్పు ఇవ్వమ్మాయ్. అప్పటికీ ప్యాసింజరు తినకపోతే నువ్వు ఫోను చేసుకో."

ఆవిడ సంచీ భుజాన ఉంచుకునే కూర్చుంది. వేలు మాత్రం ఫోను మీదే ఉంది.

ఆయన జారు కడిగారు. మిగిలిన గుమ్మడికాయ ఉడికించి, చల్లార్చి, కాసిని కాచి చల్లార్చిన నీళ్లు పోసి తిప్పారు. ఆపి, మూత తీసి, వేళ్ల మధ్య నలిపి చూసి, మళ్లీ తిప్పారు. కింద కర్ర ఠకఠకమంటోంది. ఆయన ఆపలేదు. మళ్లీ మళ్లీ తిప్పారు. మాడు వాసన వచ్చింది. మిక్సీ ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది.

కోడలి వేలు కదిలింది.

"ఆగమ్మాయ్!" ఆయన జారు తీసి పక్కన పెట్టి, మిక్సీని బోర్లా తిప్పి, అడుగున ఉన్న ఎర్ర బొత్తాం నొక్కారు. మీట తిప్పారు. ఉలుకూ పలుకూ లేదు. జారులో ఉన్నదాన్నంతా టీ వడకట్టే జల్లెడలో పోసి, చెంచా వెనక్కి తిప్పి రుద్దడం మొదలుపెట్టారు. చెమట గడ్డం దాకా దిగింది. జల్లెడ కింద గిన్నెలో బంగారు రంగు గుజ్జు పట్టులా జారింది. కొంచెం తీసి కోడలి అరచేతిలో రాశారు. ఆవిడ నలిపింది, ఇంకోసారి నలిపింది. తల ఊపింది.

చెంచా దగ్గరికి రాగానే ప్యాసింజరు తల తిప్పుకుంది. పెదాలు బిగించింది. ఇందాకటి భయం ఇంకా ఆ కళ్లలోనే ఉంది. ఆయన కోడలి వైపు చూశారు. ఆవిడ కూడా ఆయన వైపే చూస్తోంది.

"మాట్లాడండి మామయ్యగారూ" అంది.

కండక్టరుగారు గొంతు సవరించుకున్నారు.

"రై...ట్! రైట్ రైట్! గడ్డం స్టాపు, గడ్డం స్టాపు! దిగేవాళ్లెవరూ లేరు! బుగ్గ మలుపు, మెల్లగా తిప్పు డ్రైవరూ! గేటు తియ్యండమ్మా, పెదాల గేటు! బండి లోపలికి పోవాల!"

పిల్ల ఎక్కిళ్లు ఆగిపోయాయి. మొహమంతా తాత వైపు తిరిగింది. ఇదీ మా తాత అన్నట్టు ఒక్క కేరింత కొట్టింది. కేరింతకు నోరు తెరవాలి కదా. చెంచా వెళ్లింది. ఖాళీగా తిరిగొచ్చింది. కోడలు పిల్ల గొంతునే చూస్తూ ఉండిపోయింది. మింగింది. మళ్లీ చెంచా, మళ్లీ గేటు. గిన్నె అడుగు కనిపించేవేళకు ఆవిడ ఫోను సంచీలో పడేసి, పిల్ల తల నిమిరి, గబగబా మెట్లు దిగింది. ఆలస్యమైంది మరి.

మెట్ల మీద ఆవిడకు ఎదురై, పక్కకు తప్పుకుని పైకి వచ్చినవాడు మాస్టారు. చేతిలో చీపురుకర్ర అలాగే ఉంది.

"ఇదేం న్యాయమండీ కండక్టరుగారూ? మిక్సీ చచ్చిందని సంతోషించేలోపు మీరు మొదలెట్టారు! కింద ఒక్కడు కూడా పరీక్ష రాయడం లేదు, అందరూ సంచులు సర్దుకుని లేచి నిలబడ్డారు! ఇది ఇల్లనుకున్నారా, బస్సనుకున్నారా?"

కండక్టరుగారు ఆఖరి చెంచా పిల్ల నోట్లో పెట్టి, మూతి తుడిచి, తల తిప్పకుండానే అన్నారు:

"బండి ఫుల్లండీ మాస్టారూ, వెనక ఇంకోటి ఖాళీగా వస్తోంది, అందులో రండి."