కాగితాల్లో ఉన్న కమాన్‌పూర్ ఆమె

నా చిన్నప్పుడు మా తాతకు రెండు పేర్లుండేవి. ఇంట్లో ఒకటి, బొగ్గు తవ్వే బాయిలో ఒకటి. అందరి తాతలకూ అంతేననుకునేదాన్ని. గడప బయట చెప్పులు విడిచినట్టు బాయి పేరు కూడా విడిచి లోపలికి వస్తారు కాబోలు అనుకునేదాన్ని. ఆ రెండో పేరు మమ్మల్ని ఎంత భయపెట్టగలదో తాత జ్వరంతో పోయాక గానీ తెలియలేదు.

ఇంకా కొలువులో ఉండగానే పోయాడు గనుక ఆ కొలువు మా నాయినకు రావాలి. రాకపోతే గోదావరిఖనిలో మేముంటున్న క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఊళ్లో మాకు గుంట భూమి లేదు. దినాలయ్యాక నాయిన ఇనప్పెట్టె తెరిచి పాత కాగితాలన్నీ చాప మీద పరిచాడు. రేషన్ కార్డులో తాత అసలు పేరు, భార్యగా మా నాయనమ్మ పేరు ఉన్నాయి. బాయి కాగితాల్లో మాత్రం ఆ రెండో పేరు, దాని పక్కన భార్యగా కమాన్‌పూర్‌లో ఉండే ఒకామె పేరు ఉన్నాయి. నేను అవ్వా అని పిలిచే మా నాయనమ్మ ఆ పేరు రెండుసార్లు చదివించుకుంది. తనకంటే ముందు ఆయనకు పెళ్లయిందో లేదో ఎన్నడూ అడగలేదంది.

పక్కింటి అక్క నోట్లో నువ్వుగింజ నానదు. తాత ఎవరిదో పేరు పెట్టుకుని, వాళ్ల ఆడమనిషిని కూడా మారుమనువు చేసుకుని ఉంటాడని నీళ్ల పంపు దగ్గర తేల్చేసింది. నా వైపు తిరిగి, “గట్లయితే మీ అవ్వ పెండ్లామే కాదు, మీ నాయిన కొడుకే కాదు” అంది. మరి నేనెవరిని? మా వాడలోకి కొత్త ఆడమనిషి ఎవరొచ్చినా మమ్మల్ని వెళ్లగొట్టడానికే వచ్చిందని తలుపు వెనక్కి పోయేదాన్ని.

కాగితంలో ఉన్న భార్య వచ్చి, ఇతను నా కొడుకే అని చెప్తే గానీ కొలువు రాదని ఆఫీసులో అన్నారు. నాయిన కమాన్‌పూర్ పోయి ఆమెను వెంటబెట్టుకొచ్చాడు. సన్నటి మనిషి. కాళ్లకు మట్టెలు, నుదుట పెద్ద బొట్టు, ముంజేతుల నిండా ఆకుపచ్చ గాజులు. మా నాయనమ్మ గాజులు తీసేసి నెల కూడా కాలేదు. వచ్చినామె తాత భార్యే అయితే ఆ గాజులు ఉండకూడదు. అది చూసి పక్కింటి అక్క కూడా నోరు మూసుకుంది.

“మీ నాయిన మా గడప తొక్కలే బిడ్డా,” అందామె నాయినతో. “కొలువు దొరికింది నా పెనిమిటికి. బాయిల దిగంగనే చీకటికి బుగులువడ్డడు, భయమైతాందని ఇగ దిగలే. తన పేరు మీ నాయినకిచ్చి బొంబాయి పోయిండు. మళ్ల రాలే.” ఆ రోజుల్లో ఒకరి పేరు మీద ఇంకొకరు బాయి దిగడం మా దగ్గర మామూలే. అలా ఆయన పేరు వెంట ఆయన భార్య పేరు కూడా తాత కాగితాల్లోకి వచ్చింది.

అయితే మా అవ్వే పెండ్లామని నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ పెద్దవాళ్లు తలలు వంచుకునే ఉన్నారు. ఆఫీసు లెక్కలో చచ్చిపోయింది ఆమె పెనిమిటి. నాయినను కొడుకని చెప్పాలంటే ఆమె ముండమోసి వెళ్లాలి. ఎక్కడో బతికున్నాడేమోనని ఎదురుచూస్తున్న మనిషిని ఆ మాట ఎలా అడుగుతారు? నాయిన గాజుల మాట మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాడు.

ఆమె తలుపు వెనక ఉన్న నన్ను చూసింది. “గా పిల్ల ఎందుకు వణుకుతాంది?” అని అడిగింది. ఇల్లు పోతుందని బుగులు పెట్టుకుందని అవ్వ చెప్పింది. ఆమె ఇంకేమీ అడగకుండా లేచి, రోలు దగ్గర కూర్చుని, రెండు చేతులూ దాని అంచుకు కొట్టుకుంది. తాత పోయినప్పుడు అందరి ఏడుపుల్లో అవ్వ గాజులు పగిలిన చప్పుడు నాకు వినబడలేదు. ఈసారి ఎవరూ ఏడవలేదు. నేను మాత్రం కెవ్వున అరిచి అవ్వను పట్టుకున్నాను. అవ్వ నన్ను పక్కకు జరిపి, వెళ్లి ఆమె కాళ్ల మట్టెలు తీసింది. మధ్యాహ్నం ఆమె ఆఫీసుకు పోయి నాయిన తన కొడుకేనని చెప్పింది.

నాయినకు కొలువొచ్చింది. ఆమె పోయినప్పుడు కొరివి పెట్టింది కూడా నాయినే. ఆమె పెనిమిటి మాత్రం రాలేదు. మొన్న మా మనవరాలు ఆ కాగితాలు ముందేసుకుని, మీ తాతకు ఇద్దరు భార్యలా అని అడిగింది. తాతకు పెళ్లి ఒక్కటే, మా నాయినకు తల్లులు ఇద్దరని చెప్పాను.

ఆ పెనిమిటి ఈపాటికి ఎక్కడో కాలం చేసే ఉంటాడు. అయినా ముక్కూమొహం తెలియని ముసలాయన ఎవరైనా మా గుమ్మంలో నిలబడితే, నా పెండ్లాం గాజులు ఎందుకు తీయించారని అడుగుతాడేమోనని నాకు ఇప్పటికీ బుగులు. అడిగితే ఉన్నమాటే చెప్పాలి. నేను భయపడుతున్నానని తీసేసిందయ్యా, అని చెప్పాలి.