రెండు ఫ్రీక్వెన్సీల మధ్య నేను చూడని చోటు

2023. చిక్కడపల్లిలో ఇంటి నుంచే యాంటెనాల డిజైన్ చేస్తున్నాను. పాపకు ఎనిమిది నెలలు. ప్రసూతి సెలవు ముగిశాక నాకిచ్చిన మొదటి పని ఒక వైడ్‌బ్యాండ్ అర్రే. అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో కలిసి పనిచేసే పదహారు యాంటెనాల వరుస.

వాటి మధ్య దూరాలు సమానంగా ఉంటే, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అక్కర్లేని దిక్కుల్లోకీ సిగ్నల్ గట్టిగా పోతుంది. అలా పక్కలకు పోయేదాన్ని సైడ్‌లోబ్ అంటాం. అది తగ్గేలా దూరాలను గణితంతో వెతికించడమే ఆప్టిమైజేషన్.

ఆ దూరాల ప్రకారం అల్యూమినియం ప్లేటుకు రంధ్రాలు వేసేది నారాయణగూడ వర్క్‌షాప్‌లో యాదగిరి అన్న. డ్రాయింగ్ చూసి నవ్వాడు.

"ఏంది మేడమ్, చిన్నపిల్లల పాలపండ్ల లెక్క ఒకటి దగ్గర, ఒకటి దూరం?"

"అట్లనే ఉండాలె అన్నా. ఒక్క పాయింట్ కూడా తేడా రావొద్దు."

తయారైన అర్రేను ఆఫీసులో పరీక్షిస్తే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర సైడ్‌లోబ్ ఎగిసింది. బిడ్డ పుట్టాక నాకు పనిలో పట్టు తప్పిందంటారేమోనని భయం. మేనేజర్ అడగగానే "రంధ్రాల్లో తేడా వచ్చి ఉంటుంది" అన్నాను.

ఆ మాట వర్క్‌షాప్ దాకా వెళ్లింది. యాదగిరి అన్న ఫోన్ చేశాడు. "ప్లేటు పంపుండ్రి మేడమ్, మీ ముందట్నే కొలుస్త."

"టైమ్ లేదన్నా" అన్నాను. ఆ వారమే వర్క్‌షాప్ ఓనర్ అతణ్ని పనిలోంచి తీసేశాడు.

నెల తర్వాత డిజైన్‌ను మళ్లీ నడుపుతుంటే తప్పు దొరికింది. మొదటిసారి, పాప నిద్రలేచేలోపు లెక్క ముగియాలని, కంప్యూటర్‌ను మొత్తం పరిధిలో పదకొండు ఫ్రీక్వెన్సీల దగ్గరే సైడ్‌లోబ్ చూడమన్నాను. కంప్యూటర్ ఆ పదకొండు చోట్లా తగ్గించింది. వాటిలో రెండింటి మధ్య, నేను చూడమనని చోట, పెరగనిచ్చింది. అప్పుడు ప్లేటు తెప్పించి కొలిచాను. ప్రతి రంధ్రం ఉండాల్సిన చోటే ఉంది.

మేనేజర్‌కూ ఓనర్‌కూ నిజం చెప్పాను. అప్పటికే అతని మెషీన్ మీద ఇంకొకరిని పెట్టుకున్నారు. యాదగిరి అన్న అంబర్‌పేట్‌లో కిటికీ గ్రిల్స్ వెల్డింగ్ చేస్తున్నాడని తెలిసి, పాపను ఎత్తుకుని వెళ్లాను.

"తప్పు నాదే అన్నా. మీరు సరిగనే వేసిన్రు."

"అది నాకెర్కనే గద మేడమ్. గీ ముచ్చట నాకు చెప్పెతందుకు ఇంత దూరమొచ్చిన్రా?" అన్నాడు. "పాపను జర దూరం పట్టుకోన్రి, రవ్వలు పడ్తయి" అని పనిలోకి వంగాడు.

ఇప్పుడు నేను ఎంచుకున్న ఫ్రీక్వెన్సీల మధ్య కూడా చూడకుండా ఏ డిజైనూ పంపను. ఇంకొకరి పనిని అనుమానించే ముందు కొలుస్తాను. ఆ పదహారు రంధ్రాలు కొలవడానికి నాకు పట్టింది ఇరవై నిమిషాలు.