పదకొండో గుడ్డు

మా బాపు చివరగా చేసిన పని ఒక కోడిపిల్ల రెండు కాళ్లను నూలు దారంతో కలిపి కట్టడం. పక్కలకు చాపుకుపోతున్న కాళ్లను దగ్గరికి తెచ్చి, మధ్యలో చిటికెనవేలు పట్టేంత సందు వదిలి ముడి వేశాడు. దారం కొసను పంటితో తెంపాడు. పిల్లను నూకల ముందు దించి, చేతులు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోయి అక్కడే కూలిపోయాడు. అరవై నాలుగేళ్లు.

ఆ పిల్ల మాది కాదు. గోడ అవతల ఉండే మా చిన్నాయనది.

బాపు పేరు ఉప్పలయ్య. సిద్దిపేటలో తాతలనాటి గుంతమగ్గం మీద తమ్ముడు నరహరితో కలిసి నేసేవాడు. పన్నెండేళ్ల కింద నేసి పంపిన బట్ట తాను ఒకటి మొత్తం వెనక్కి వచ్చింది. అంచు దగ్గర నేత వదులైందన్నారు. అన్న చేతులు పాడైనాయని చిన్నాయన నలుగురి ముందు చెప్పాడు. ఏడాది తిరగకుండానే వాకిట్లో గోడ లేచింది. రోడ్డు వైపు భాగం చిన్నాయనకు పోయింది, అందులో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. మగ్గం గది మాకు మిగిలింది. బాపు మళ్లీ ఆ మగ్గంలో కూర్చోలేదు. బట్టల దుకాణంలో వాచ్‌మన్‌గా కుదిరాడు.

అన్నదమ్ములకు మాటల్లేవు. అనదలచుకున్నది కోడితో అనేవారు.

మొన్నటి ఎండాకాలం చిన్నాయన వాళ్ల పెట్ట గోడ దూకి వచ్చి, మా మగ్గం గుంతలో గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంది. పొదుగు మీదున్న కోడిని కదిపితే గుడ్లు వదిలేస్తుంది కాబట్టి తీసుకుపోలేక, మా చిన్నమ్మ స్వరాజ్యలక్ష్మి గోడ అవతలి నుంచి దాన్నే తిట్టేది.

"ఏం తక్కువైందే నీకు మా ఇంట్ల? పోయి పోయి గా గుంతల పడ్డవ్."

బాపు దాని ముందు నూకలు, నీళ్లు పెట్టి జవాబు దానికే చెప్పేవాడు. "తిను తల్లీ. గోడ ఎవలు కట్టిన్రో నీకేం తెలుసు."

ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నానికి పది పిల్లలు లేచాయి. పెట్ట వాటిని వెంటేసుకుని వాకిట్లోకి పోయింది. పదకొండో గుడ్డు గుంతలో మిగిలింది. పెంకుకు పెసరగింజంత చిల్లు, అందులో ముక్కు కొస, లోపలి నుంచి అరుపు. పొద్దున్నుంచి ఆ చిల్లు పెద్దది కాలేదు. వాళ్ల గుడ్డుతో మనకేం పని, ఊకోమంది అమ్మ. ఒలిచి తీయమన్నాను నేను. బాపు గుంత ఒడ్డున గొంతుక్కూర్చున్నాడు.

"ముట్టుకుంటే నా చేతులే సంపినయంటడు. ముట్టుకోకుంటే సూసుకుంట సంపిండంటడు."

అవతలి నుంచి చిన్నాయన పెట్టకు వినిపిస్తున్నాడు. "పదకొండు పెట్టినవే నువ్వు. ఒక్కటి తక్కువొస్తే ఎవని చేతుల పుణ్యమో నాకెరికే."

నాలుగింటికి అరుపు సన్నబడింది. బాపు లేచాడు. గోరువెచ్చటి నీళ్లలో గుడ్డపేలిక ముంచి పెంకును తడిపాడు. పడిన చిక్కు విప్పినట్టు, బొటనవేలి గోటితో చిల్లు చుట్టూ పెంకు పెచ్చులు తీశాడు. లోపలి పొర మీద వెంట్రుకంత ఎర్రటి నరం కనిపించింది. దాని పక్కన రక్తం చుక్క లేచింది. బాపు వెంటనే చెయ్యి తీసేశాడు.

ఇంకాస్త తీయమని నేను పోరాను.

"వద్దు. దీనికింక టైమున్నది. మనకే లేదు ఓపిక."

అట్టడబ్బాలో బల్బు కింద పెట్టాడు. దీపాలు పెట్టే వేళకు పిల్ల తనే తన్నుకుని బయటపడింది. ఆ పూట బాపు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

తడి పిల్ల కాబట్టి రెండు రోజులు డబ్బాలోనే ఉంచాం. మూడో రోజుకు దాని కాళ్లు చెరో పక్కకు పోయాయి. నిలబడలేకపోయింది. చిన్నమ్మ గంప తెచ్చి పెట్టను, పది పిల్లలను ఎత్తుకుంది. పదకొండోదాన్ని తిప్పి చూసి మా గడప మీద పెట్టింది.

"కాళ్లిరగ్గొట్టి ఇస్తున్రా? మీరే ఉంచుకోండ్రి."

అప్పుడు చిన్నాయన గోడ మీదుగా తల ఎత్తాడు. ఈసారి కోడితో కాదు.

"తాను పాడు చేసిన చేతులే గదా అన్నా. గుడ్డును ఇడిసిపెడతయా?"

పన్నెండేళ్లలో 'అన్నా' అని పిలిచింది ఆ ఒక్కసారే.

బాపు నా వైపు చూశాడు. నేనేదో ఒకటి చిన్నాయనను అంటానని అనుకున్నాడేమో.

"నువ్వు ముట్టకుంటే బాగుండు బాపూ," అన్నాను.

ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. మర్నాడు పొద్దున పిల్ల కాళ్లు కట్టడానికి నూలు దారం తీశాడు.

బాపు దినాలు అయ్యాక పిల్లను పశువుల దవాఖానకు తీసుకుపోయాను. కాంపౌండరు ఇషాక్ దాన్ని అరచేతిలో వెల్లకిలా పెట్టి తొడ ఎముకలు నొక్కి చూశాడు. పెంకు ఒలవడం వల్ల ఇలా అయిందని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"బొక్కలు మంచిగనే ఉన్నయమ్మా. పెంకు ఒలిస్తే కాళ్లిట్ల గావు. డబ్బల కింద ఏమేసిన్రు?"

నున్నటి కాగితం మీద పుట్టిన పిల్లకు పట్టు దొరకదట. లేవబోయిన ప్రతిసారీ జారి, రెండు రోజుల్లో కాళ్లు పక్కలకు తిరిగిపోతాయట. పాత గోనెముక్క వేసినా సరిపోయేదట.

పోయినేడాది క్యాలెండరు చించి ఆ డబ్బాలో పరిచింది నేను. బొమ్మ పైకి కనిపించేటట్టు.